నీలం ఆకు

ప్రియమైన చెల్లీ,

పాత సామాన్లకు వెల కట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని నిన్ను ఎన్నిసార్లు ఏడిపించానో! ఇప్పుడు నీతోనే పని పడింది. మనసులో పెట్టుకోకు.

దీంతోపాటు పంపిన పొట్లంలో మా హాల్లో వేలాడే పూల పటం ఉంది. జాగ్రత్తగా విప్పు. అత్తయ్య వాళ్లమ్మ చేత్తో కుట్టింది. అత్తయ్య చిన్నప్పుడే ఆవిడ పోయింది. గుర్తుగా మిగిలింది ఇదొక్కటే. దీన్నే అమ్మెయ్యమని అత్తయ్య పట్టుబట్టింది. చూపు దాదాపు పోయింది చెల్లీ, ఇక రాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆ రోజు నుంచి మంచం దిగడం లేదు. ఇంట్లో బొంగరంలా తిరిగిన మనిషి, మంచినీళ్లు కూడా నేను అందిస్తేనే తాగుతోంది. "కనబడని పటం నాకెందుకే, కళ్లున్నవాళ్లు ఎవరో చూసుకుంటారు" అంటుంది. ఆ మాట వింటే నాకు ఏడుపొస్తోంది.

ఎక్కువో తక్కువో, నిజం చెప్పు.

నీ అక్క


ప్రియమైన అక్కకు,

నీ వేళాకోళాలన్నీ గుర్తున్నాయి. వడ్డీతో సహా తీర్చుకుంటాను.

పటం క్షేమంగా చేరింది. ఆ గులాబీలు చూసి నోరు వెళ్లబెట్టాను. పట్టుదారంతో రేకులు ఎంత ఒత్తుగా కుట్టిందో! కానీ మా పనిలో ముందువైపు చూసి మోసపోకూడదు. ఫ్రేము వెనక చెక్క ఊడదీసి గుడ్డను తిరగేస్తాం. చెయ్యి తిరిగినవాళ్లు దారం చివర ముడి వెయ్యరు, కుట్ల కిందికి దోపేస్తారు. ఇక్కడ ఎటు చూసినా ముడులే. ఒక్కోచోట ముడి మీద ముడి. పైగా ఆకులన్నీ ఆకుపచ్చగా ఉంటే ఒక్క ఆకు మాత్రం నీలం. దారం అయిపోతే సర్దేసిందేమో. వెల కాగితంలో "ముచ్చటైన పనే, తొందరపాటు చెయ్యి" అని రాయాల్సి వచ్చింది. పెద్ద వెల పలకదు.

అత్తయ్యగారికి కాస్త మెత్తగా చెప్పు.

నీ చెల్లి


ప్రియమైన చెల్లీ,

మెత్తగా చెప్పడం నాకెప్పుడు చేతనైంది? నీ ఉత్తరం ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. ఇన్నాళ్లకు అత్తయ్యకు కోపమొచ్చింది, నాకు ప్రాణం లేచొచ్చింది.

"మా అమ్మది తొందరపాటా? ఒక్కో రేకూ తడిమి తడిమి కుట్టేది. పక్కన కూర్చుని దారాలు అందించింది నేనా, మీ చెల్లా?" అని నిన్ను దులిపేసింది. దారం ఇచ్చేటప్పుడు రంగు పేరు చెప్పాలట. చెబితేనే వాళ్లమ్మ తీసుకునేదట. "నాకు అప్పుడప్పుడే రంగులు వస్తున్నాయి. ఆటలాగా నేర్పిందే అమ్మ" అని మురిసిపోయింది. అంతలోనే గోడవైపు తిరిగి పడుకుంది.

మరొక్కసారి చూడవే. నా కోసం.

నీ అక్క


ప్రియమైన అక్కకు,

హడావిడిగా రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే సర్దుకో.

రంగు పేరు చెప్పాలట అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. గుడ్డను మళ్లీ తిరగేసి భూతద్దం పెట్టాను. ఎరుపు దారాలకు ఒకే ముడి. పసుపుకు రెండు. ఆకుపచ్చకు మూడు. నీలానికి నాలుగు. ఆ ముడులు దారం జారకుండా వేసినవి కావక్కా, వేలికి రంగు తెలియడానికి వేసుకున్నవి! పువ్వుల నమూనాకు పెన్సిలు గీతలుండాల్సిన చోట సన్నని సూది పోట్లున్నాయి, తడుముకుంటూ దారి పట్టడానికి.

ఇక ఆ నీలం ఆకు. దాని వెనక నాలుగు లేవు, మూడే ఉన్నాయి. పాప ఆకుపచ్చ అని నీలం అందించింది. తల్లి నమ్మి కుట్టేసింది.

ఆవిడకు చూపు లేదక్కా. ఆ సంగతి కూతురికి తెలియనివ్వలేదు.

ఇన్నేళ్లలో ఇలాంటి పని నా చేతికి రాలేదు. మా పెద్దసారును పిలిస్తే, చూసి కుర్చీ లాక్కుని కూర్చుండిపోయారు. నేను రాసిన కాగితం చింపేశాను. దీని కోసం మ్యూజియం వాళ్లు ఎంతకైనా వస్తారు. అమ్మాలో వద్దో అత్తయ్యగారే చెప్పాలి. అందుకే పటం తిప్పి పంపుతున్నాను. అద్దం, చెక్క బిగించలేదు.

నీ చెల్లి


ప్రియమైన చెల్లీ,

నీ ఉత్తరం చదివి వినిపించాక అత్తయ్య "ఇటివ్వు" అని గుడ్డ అందుకుంది. వెనకవైపు వేళ్లు ఆనించి "ఎరుపు" అంది. ఎరుపే. "పసుపు" అంది. పసుపే. కళ్లున్నది నాకు, చెబుతున్నది ఆవిడ.

"ఇది ఆకుపచ్చ" అంది.

"కాదత్తయ్యా, నీలం" అన్నాను.

ఆ మూడు ముడుల్నీ మళ్లీ తడిమింది. తర్వాత, "రోజూ జడ వేసింది. పొయ్యి ముందు కూర్చుని వండి పెట్టింది. నేను పడి ఏడిస్తే పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంది. అయితే మా అమ్మ నా మొహమే చూడలేదటే?" అంది. ఇద్దరం కూర్చుని కరువుదీరా ఏడ్చాం.

ఉన్నట్టుండి కళ్లు తుడుచుకుంది. "ఆవిడ అలా ఇల్లు నడిపి నన్ను పెంచింది. నాకేం రోగం?" అని మంచం దిగింది. చెయ్యి పట్టుకోబోతే కసిరింది. పటం అమ్మేది లేదట, మీ పెద్దసారుకు చెప్పమంది.

ఇది రాస్తుంటే వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఇందాక ఏదో కిందపడింది. లేచి వెళ్లాలనిపించినా లేవలేదు. టీ తనే పెడుతుందట. అందులో ఉప్పు పడినా సరే, ఆవిడ పంచదార అంటే నాకు పంచదారే.

నీ అక్క