తుంటిలో దీపం
ఏమండీ, స్కాన్ అయింది. నేను మేడమీద గదిలో ఉంటాను. పాప అత్తయ్య దగ్గరుంది. నాకు ఎక్కించిన రేడియేషన్ మందు ప్రభావం తగ్గేదాకా, అంటే రేపటిదాకా, దాన్ని నా దగ్గరకు తేవద్దన్నారు. డబ్బా పాలే పట్టండి. నిద్రపోకపోతే నేను విడిచిన చీర పక్కన వెయ్యండి.

నా రక్తంలోని తెల్లకణాలకే ఆ మందు కలిపి మళ్లీ నాకే ఎక్కించారు. చీము ఎక్కడుంటే అవి అక్కడికే పోతాయట. ఆపరేషన్ చేసిన తుంటి దగ్గరే అన్నీ గుమిగూడి స్కాన్ తెరమీద వెలిగాయి. నొప్పి అంటే "అంతా నీ భ్రమ" అన్నారుగా మీరు! కళ్లు మూసుకున్నా అదే వెలుగు. లోపల ఎవరో దీపం పెట్టుకుని నా కోసం కూర్చున్నట్టుంది.

అన్నట్టు, సాయంత్రం పాపను పెరట్లోకి తీసుకురండి. కిటికీలోంచి చూసుకుంటాను. దాన్ని మాత్రం పైకి చూడనివ్వకండి. నన్ను చూస్తే చేతులు చాపుతుంది.