మాట్లాడే పలక

నరసరావుపేట,
జూలై 13, ఆదివారం.

అనసూయక్కా,

నీ తమ్ముడు కోటి చేసే నమస్కారం. సాగర్‌లో నువ్వూ బావా క్షేమమని తలుస్తూ మొదలుపెడుతున్నాను. మొన్న ఫోన్లో నువ్వు "కోటీ, వింటున్నావా, ఉన్నావా" అని నాలుగుసార్లు అడిగావు. వింటున్నానని చెప్పడానికి ఫోను మీద వేలితో కొట్టాను. ఆ చప్పుడుకి నువ్వు ఏడ్చావు. అందుకే ఇకమీదట ఉత్తరమే రాద్దామనుకున్నాను. చేత్తో రాసి ఎన్నాళ్ళయిందో. అక్షరాలు వంకరపోతే సర్దుకో.

గొంతు ఆపరేషన్ అయి నాలుగు నెలలు దాటింది. పుండు మానింది. మెడ కింద రంధ్రం నుంచే ఊపిరి. దాని మీద పల్చటి గుడ్డ కట్టుకుని బజారుకి కూడా వెళుతున్నాను. గొంతుకి ఆనించుకుని మాట్లాడే మిషను ఒకటుందట, వాపు పూర్తిగా తగ్గాక చూద్దామన్నారు డాక్టరు గారు. ముప్పై ఒక్క ఏళ్ళు మాచర్ల బస్సులో కండక్టరు చేసి, వెనక సీటు దాకా వినపడేలా అరిచినవాణ్ణి. ఇప్పుడు జేబులో చిన్న పుస్తకం, పెన్ను పెట్టుకుని తిరుగుతున్నాను. కూరగాయల వాడికీ, మందుల షాపు వాడికీ రాసి చూపిస్తే పని జరిగిపోతుంది.

జరగనిది ఇంట్లోనే. సీతమ్మకి చదువు రాదు కదా.

ఉప్పు కావాలంటే సైగ, స్నానానికి నీళ్ళంటే సైగ. మొన్న చలిగా ఉంది, దుప్పటి కావాలని భుజాలు రుద్దుకుంటే కొబ్బరినూనె తెచ్చి వీపుకి రాసింది. ఇద్దరం నవ్వుకున్నాం. అయితే అక్కా, సైగతో దుప్పటి అడగొచ్చు, మనసులో ఉన్నది ఎలా చెప్పేది? ఆస్పత్రిలో మత్తు వదిలిన రోజున కాగితం మీద "నీళ్ళు" అని రాసి సీతకి చూపించాను. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నర్సు దగ్గరికి పట్టుకుపోయింది. అలా గుమ్మం దాటి వెళుతుంటే వెనక నుంచి చూస్తూ పడుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

మా పెళ్ళయిన కొత్తలో ఊళ్ళో సాయంత్రం బడి పెట్టారు, పెద్దవాళ్ళకి చదువు చెప్పడానికి. పక్కింటి బీబక్కే చెప్పేది. సీత కూడా పలక కొనుక్కుని పోయింది. నాలుగో రోజో ఐదో రోజో నేను డ్యూటీ దిగి వస్తూ బడి ముందు ఆగాను. అరుగు మీద ఆడవాళ్ళు, ఎదురుగా టీ బంకు దగ్గర మగవాళ్ళు. అందరూ వినేలా అరిచాను. "ఏమే సీతా, కలెక్టరు ఉద్యోగం వచ్చిందా ఏంది? రేపటి నుంచి బస్సులో టికెట్లు నువ్వే కొడతావా?" టీ బంకు అంతా నవ్వింది. ఆ రాత్రి ఆమె పలకని అటక మీద పెట్టింది. నేనూ ఆ సంగతి మర్చిపోయాను. నిజంగా మర్చిపోయానక్కా, అదే ఇప్పుడు బాధ.

సత్తెనపల్లి నుంచి ప్రశాంతి వచ్చి, "నాన్నా, ట్యాబ్ కొనుక్కో. నువ్వు తెలుగులో కొట్టు, అది పైకి చదువుతుంది. అమ్మ వింటుంది" అంది. ఫోన్లోనే చేద్దామని చూశాం. నా వేలు ఒక అక్షరం మీద పెడితే మూడు పడుతున్నాయి. పెద్ద తెర ఉండాల్సిందే. వచ్చే వారం పోయి చూస్తాను. కొన్నాక మొట్టమొదట సీతకి వినిపించేది ఉప్పూ కాదు, నీళ్ళూ కాదు. అదేమిటో నీకు తెలిసే ఉంటుంది. ప్రశాంతికి మాత్రం చెప్పకు.

నీ తమ్ముడు,
త్రికోటేశ్వరరావు


నరసరావుపేట,
జూలై 27, ఆదివారం.

అనసూయక్కకి,

నీ జవాబు అందింది. "తప్పు చేశావురా, చెప్పుకో, చెప్పుకుంటే పోయేదేముంది" అని రాశావు. చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టి పక్కింటి జామకాయలు తిరిగి ఇప్పించినట్టే ఉంది నీ ఉత్తరం. సరే, ట్యాబ్ కొన్న సంగతి వివరంగా రాస్తాను.

నా డ్రైవరు మస్తాన్ గుర్తున్నాడా? వాళ్ళ అబ్బాయి రియాజ్ స్టేషన్ రోడ్డులో సెల్ ఫోన్ల షాపు నడుపుతున్నాడు. నలభై ఏళ్ళు వచ్చాయి, జుట్టు కూడా నెరిసింది. నన్ను చూసి కుర్చీ వేసి, "ఏం పనికి కావాల బాబాయ్? సినిమాలకా, మనవళ్ళ చదువుకా?" అన్నాడు. పుస్తకం తీసి రాశాను: "మీ పిన్నితో మాట్లాడటానికి."

చదివాడు. ఎదురుగా ఇంకెవరో ఫోను బేరం చేస్తుంటే వాళ్ళని తమ్ముడికి అప్పజెప్పి, నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

మొదట నేను వేలు చూపించింది అన్నిటికంటే చౌకదాన్ని. పేరు తెలియని కంపెనీ, ఎనిమిదంగుళాల తెర. దాంట్లో "సీత" అని కొట్టాను. అక్షరం నొక్కాక అది తెర మీదికి వచ్చేలోపు ఒక టీ తాగొచ్చు. రియాజ్ నవ్వాడు. "ఇది నీకు పనికిరాదు బాబాయ్. ర్యామ్ చానా తక్కువ. ర్యామ్ అంటే బస్సులో సీట్లు అనుకో. స్టోరేజీ అంటే టాపు మీద సామాను. నీకు సామాను లేదు, ఎక్కినోళ్ళకి కూర్చునే చోటు కావాల." ముప్పై ఏళ్ళు నేను జనానికి సీట్లు చూపిస్తే, ఇప్పుడు రియాజ్ వాళ్ళ నాన్న నడిపిన బస్సు లెక్కలో నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

తర్వాత ఒక ఖరీదైనది చూపించాడు. దానికి పెన్ను, విడిగా కీబోర్డు, అద్దంలా మెరిసే తెర. బొమ్మలు గీయొచ్చట, సినిమాలు కత్తిరించి అతికించొచ్చట. రియాజే దాన్ని పక్కన పెట్టేశాడు. "ఇదీ వద్దు. ఇంట్లో వంటింటికీ వసారాకీ తిరిగే వస్తువుకి ఇంత హంగు ఎందుకు? కింద పడితే గుండె ఆగుద్ది."

చివరికి మధ్యరకం. పదకొండంగుళాల తెర, ఆరు జీబీ ర్యామ్, నాలుగు స్పీకర్లు. సిమ్ వేసేది కాకుండా వైఫైది తీసుకున్నాను. ఇంట్లో ఫోన్ నుంచి నెట్ పంచుకోవచ్చు గదా. నా పింఛనుకి అందేదే. అయితే డబ్బులిచ్చే ముందు ఒక పరీక్ష పెట్టాను. నా పుస్తకంలో ఉన్న మాటలు దాంట్లో కొట్టి పైకి చదివించమన్నాను. వెంటనే ఒక ఆడపిల్ల గొంతు, "సీతా, కాఫీ పెట్టావా?" అంది. షాపులో అందరూ తిరిగి చూశారు. "ఆగు బాబాయ్, పిన్ని తంతుంది" అని రియాజ్ సెట్టింగుల్లోకి పోయి మగ గొంతు పెట్టాడు. వార్తలు చదివేవాడి గొంతు. నాది కాదు, ఎప్పటికీ నాది కాదు. అయినా ప్రతి మాటా స్పష్టంగా ఉంది, వసారాలో పలికితే వంటింట్లోకి వినపడుతుంది. ఇక చాలనుకున్నాను.

వచ్చేటప్పుడు రియాజ్, "ఈ గొంతుని ట్యాబ్‌లోకి దింపుకో బాబాయ్, అప్పుడు నెట్ లేకపోయినా పలుకుద్ది" అన్నాడు. ప్రశాంతి వచ్చినప్పుడు చేయిస్తాను. ఈలోగా సీతకి చెప్పాల్సింది రోజుకి కొంచెం కొడుతున్నాను, ఆమె బీబక్క ఇంటికి పోయిన సమయంలో. ఎన్నిసార్లు చెరిపానో. నోటితో అనేసిన మాట చెరపలేకపోయాను, ఇక్కడ ఒక్కో మాటా చెరిపి చెరిపి రాస్తున్నాను.

బావని అడిగానని చెప్పు.

ఇట్లు,
కోటి


నరసరావుపేట,
ఆగస్టు 10, ఆదివారం.

అక్కా,

మొన్న శుక్రవారం మధ్యాహ్నం జరిగింది ఇది. ఇంకా పూర్తిగా తేరుకోలేదు, అయినా నీకు రాయకుండా ఉండలేను.

సీత వసారాలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. నేను ట్యాబ్ తెచ్చి ఎదురుగా పీట మీద నిలబెట్టి నొక్కాను. "సీతా, నేను కోటేశ్వరరావుని మాట్లాడుతున్నాను" అని అది మొదలుపెట్టింది. ఆమె నవ్వింది. "ఏందయ్యా, ఈయనెవురు? రేడియోలో ఆయనా?" అంది. నేను వినమని చెయ్యి చూపించాను. అది సాయంత్రం బడి సంగతి ఎత్తేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి. అరుగు, టీ బంకు, నేనన్న మాటా అన్నీ చదివింది. "ఆ రోజు నిన్ను నలుగురిలో" అనే దాకా వచ్చి గొంతు ఆగిపోయింది.

ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. నెట్ పోయింది. గొంతు పోవడం నాకు కొత్త కాదు గానీ, సరిగ్గా అక్కడ ఆగాలా? అటు నొక్కాను, ఇటు నొక్కాను. లేచి ఫోన్ ఛార్జింగ్ పెట్టబోతుంటే సీత "ఉండు" అంది.

పమిట కొంగుకి చేతులు తుడుచుకుని ట్యాబ్ తీసుకుంది. చత్వారం కదా, చెయ్యంత దూరం పెట్టి పట్టుకుంది. కళ్ళు చిట్లించి, వేలు అక్షరాల కింద నడిపిస్తూ పైకి చదివింది.

"నవ్వులపాలు చేశాను. దానికి నేను ఒక్క రోజూ సిగ్గుపడలేదు. నువ్వు చదువుకుని ఉంటే నాకు సుఖంగా ఉండేదని కాదు ఈ మాట. నాకు అవ... అవసరం పడితే గానీ గుర్తు రాలేదు చూడు, దానికి సిగ్గుపడుతున్నాను."

ఎక్కడా ఆగలేదక్కా, అవసరం అన్న మాట దగ్గర తప్ప. నేను గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాను. ఎప్పుడు నేర్చుకున్నావని పెదాలు కదిపాను.

"బీబక్క నేర్పింది. నువ్వు మాచర్ల ట్రిప్పుకి పోయినప్పుడల్లా మధ్యాహ్నం వాళ్ళింటికి పోయేదాన్ని. ఏడాది తిరిగేలోపు పేపరు చదివా."

మరి బ్యాంకులో వేలిముద్ర? బొటనవేలు చూపించాను.

"నువ్వు నన్ను అడిగావా? నేను కూర్చోకముందే ఇంకు డబ్బా తెరిచి నా ముందర పెట్టేవాడివి. మొదట్లో నవ్వుతావని చెప్పలా. తర్వాత, ఇంట్లో అన్నీ నీయే, ఇదొక్కటి నాది, ఉండనీలే అనుకున్నా."

నాకు కోపం వచ్చింది, దాచను. ఇన్ని నెలలు నా చేత కోతి చేష్టలు చేయించిందే అని. పెన్ను తీసుకుని పుస్తకంలో గట్టిగా గీకాను: "ఆస్పత్రిలో నీళ్ళడిగితే తెలియనట్టు పోయావే?" ఆమె చదివింది. మొదటిసారి నా ఎదుట, నా చేతిరాత చదివింది.

"రెండు రోజులు చుక్క నీళ్ళు పోయొద్దని నర్సు అంతకుముందే చెప్పింది. నువ్వు దాహమని అడిగితే, అర్థమైందని తల ఊపి ఇయ్యకుండా ఎట్టా కూర్చునేది? అందుకని తెలియనట్టు పోయా. నడవలో నిలబడి ఏడ్చి వచ్చా."

తర్వాత ఆమే అంది. "ఇంటికొచ్చినాక చెబుదామనుకున్నా. కానీ సైగ చేసేటప్పుడు నువ్వు నా మొకంలోకి చూస్తన్నావు. నాకు అర్థమైందా లేదా అని ఎదురుచూస్తన్నావు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడన్నా చూశావా అట్టా? చదవడం వచ్చని తెలిస్తే కాగితం నా ముందర పడేసి అటు తిరుగుతావేమోనని ఊరుకున్నా."

కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమె చేతిలోని ట్యాబ్ తీసి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని గోంగూర తుంచాను. కాడలు కూడా వేస్తున్నానని తిట్టింది.

నిన్న ప్రశాంతి వచ్చి విని, కాసేపు వాళ్ళమ్మని కౌగిలించుకుని, కాసేపు పోట్లాడింది. రియాజ్‌కి చెబితే, "అయితే ట్యాబ్ తిరిగి తీసుకోనా బాబాయ్?" అని ఆటపట్టించాడు. సీత వెంటనే ఇవ్వనంది. అందులో అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవవుతాయి, కళ్ళజోడు అక్కర్లేదు. పొద్దున పేపరు దాంట్లోనే చదువుతోంది, నాకు వినిపిస్తూ. ఊరి పేర్లు తప్పు చదివితే నేను సైగతో దిద్దుతున్నాను. ఆ వార్తలు చదివేవాడి గొంతుని మాత్రం ఆపేయించింది. "పరాయాయన మా ఆయన మాట ఎందుకు చెప్పాల?" అంది.

కాబట్టి అక్కా, వచ్చే ఆదివారం పదింటికి ఫోన్ చెయ్యి, వీడియో కాల్. నేను పెద్ద అక్షరాలతో కొడతాను, సీత చదువుతుంది. నా మాటలు ఆమె గొంతుతో విను. ఒక్కటే చెబుతున్నాను, నేను కొట్టింది కొట్టినట్టు చదవదు. మధ్యలో తనవి కలుపుతుంది, నాకు నచ్చనివి కూడా. ఏవి నావో ఏవి తనవో నువ్వే విడదీసుకో.

నీ తమ్ముడు,
త్రికోటేశ్వరరావు

వదినా, నేను సీతని. ఇదంతా చదివాకే కవరు అంటిస్తున్నాను. కాడల సంగతి నిజమే.