తుడుపు కర్ర, వెండి బ్యాడ్జి

3వ తేదీ, సోమవారం. ఉదయం ఆరు.
ఈ రోజు నుంచి కొత్త జీవితం!

నేను పనిచేసిన బస్సు టికెట్ల ఆఫీసు మూతపడి రెండు నెలలు. ఇక ఒకరి కింద పనిచేసేది లేదు. మా ఆఫీసులోనే పనిచేసిన ఒకాయన నిన్న ఇంటికొచ్చి నన్ను తన కంపెనీలో చేర్పించాడు. దుకాణం ఉండదు. మనమే ఇంటింటికీ వెళ్లి, వాడి చూపించి అమ్మాలి. సరుకు: తిప్పితే తనంతట తనే నీళ్లు పిండుకునే తుడుపు కర్ర, దానికో బకెట్టు. అక్కడ అందరూ ఆయన్ని లీడర్ అంటారు. నేనూ అలవాటు చేసుకుంటున్నాను.

లక్ష్యాలు:
రోజుకు మూడు ఇళ్లు.
నెలాఖరుకి కంపెనీ ఇచ్చే వెండి బ్యాడ్జి.
ఎవరేమన్నా మొహం మీద నవ్వు చెదరకూడదు.

లీడర్ చెప్పినట్టే "నేను అమ్మి తీరుతాను!" అని పెద్ద అక్షరాలతో రాసి బీరువాకి అంటించాను. మా ఆవిడ మందుల షాపులో డ్యూటీకి బయల్దేరుతూ చదివింది.

"ఏమిటండీ అమ్మి తీరేది? బీరువానా?"

పట్టించుకోలేదు. మొదటి దెబ్బ ఇంట్లోంచే తగులుతుందని లీడర్ ముందే హెచ్చరించాడు.

4, మంగళవారం.
బోణీ ప్రదర్శన! మా అపార్ట్‌మెంట్‌లోనే మూడో అంతస్తు పిన్నిగారింట్లో. హాలు తుడిచి చూపించాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని చూశారు.

"అద్దంలా ఉంది బాబూ! మరి వంటింట్లో జిడ్డు పోతుందా?"

పోయింది.

"మంచాల కిందికి వెళుతుందా?"

వెళ్లింది. బాల్కనీలో పావురాల రెట్టలు కూడా పోతాయా అన్నారు. అవీ పోయాయి. కాకపోతే కాస్త టైము పట్టింది. మంచినీళ్లిచ్చి, "ఆలోచించి చెప్తాలే" అన్నారు.

ఆలోచిస్తారట! ఇంతకన్నా శుభారంభం ఉంటుందా!

6, గురువారం. మధ్యాహ్నం.
నేను వెళ్లక్కర్లేదు, వాళ్లే ఫోన్లు చేసి పిలుస్తున్నారు! ఈ రోజు నాలుగిళ్లు. ఒకావిడైతే, "సాయంత్రం మా ఇంటికి చుట్టాలొస్తున్నారు, ఆలోపే వచ్చి చూపించరూ?" అని బతిమాలింది. ఇంకో ఇంట్లో సోఫాలు ముందే జరిపి ఉంచారు. ఎంత ఆసక్తి!

అమ్మకాలు: ఇంకా లేవు.

లీడర్ వాయిస్ మెసేజ్ పంపాడు. "ఛాంపియన్! పిలుస్తున్నారంటే పండు పక్వానికొచ్చినట్టే. తుడుస్తూనే ఉండు!"

తుడుస్తూనే ఉన్నాను.

8, శనివారం.
నడుము పట్టేసింది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను విజేతను" అని అరవాలన్నది నియమం. పడుకునే అన్నాను. మంచం మీంచి అద్దం కనిపిస్తుంది కాబట్టి లెక్కలోకే వస్తుంది.

మా ఆవిడ షాపు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా నా వైపు అనుమానంగా చూసింది.

"లిఫ్టులో ఎవరో ఆవిడ అడిగింది, మీవారు ఆదివారాలు కూడా వస్తారా అని. ఏమిటండీ సంగతి?"

"బిజినెస్" అన్నాను గంభీరంగా. అటు తిరిగి పడుకుందామనుకున్నాను గానీ నడుము తిరగనివ్వలేదు.

11, మంగళవారం.
పిన్నిగారు కబురు పెట్టారు. ఆలోచించడం అయిపోయిందన్నమాట! ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టె విప్పని కొత్త కర్ర ఒకటి చంకన పెట్టుకుని వెళ్లాను.

"మొహమాటపడకుండా చెప్పు బాబూ, నెలకెంత తీసుకుంటావు? మా పనమ్మాయి మానేసింది. నీ చేతి పని నాకు నచ్చింది."

నవ్వు చెదరకూడదు. చెదరలేదు. "చెప్తానండీ" అని బయటికొచ్చాను. మెట్ల మీద చెదిరింది.

ఎన్నేళ్లు కూర్చున్నాను ఆ టికెట్ల కౌంటరు అద్దం వెనక! "సార్, కిటికీ పక్క సీటు ఇప్పించండి సార్" అని ఎంతమంది బతిమాలేవారు!

12, బుధవారం.
తలనొప్పి. ఈ రోజు ఎక్కడికీ వెళ్లలేదు. మానేయడం కాదు, వ్యూహం మార్చుకుంటున్నాను.

13, గురువారం.
వ్యూహం ఇంకా తేలలేదు. లీడర్ మెసేజ్‌లు వినలేదు. బకెట్టులో మా ఆవిడ దుప్పట్లు నానబెట్టింది. వద్దనలేదు.

14, శుక్రవారం.
బీరువా మీది కాగితం పీకేశాను. దాంతోపాటు పెయింటూ ఊడింది. దీనికీ నేను పనికిరాలేదు.

మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. అంతా చెప్పేశాను, పిన్నిగారి మాటతో సహా. విని పకపకా నవ్వింది.

"నవ్వు! నువ్వొక్కదానివే మిగిలావు."

"మిమ్మల్ని చూసి కాదండీ. మా షాపుకి దగ్గు మందు కోసం వస్తారు. నేను తాగి చూపిస్తానా? సీసా వాళ్ల చేతికిస్తాను. మీరు కూడా ఆ కర్ర వాళ్ల చేతికివ్వండి. మీరు ముట్టుకోకండి."

నా నడుముకి మందు రాసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

16, ఆదివారం.
చివరి ప్రయత్నం. దీంతో అయిందా సరే, లేదంటే కర్రలన్నీ లీడర్‌కి తిరిగిచ్చేయడమే అనుకుని కింది అంతస్తులో రిటైరైన డ్రిల్లు మాస్టారి తలుపు తట్టాను. బట్టీపట్టిన ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తురాలేదు. కర్ర ఆయన చేతిలో పెట్టాను.

"ఇదేమిటోయ్! నువ్వు తుడవవా?"

"మీరే చూడండి మాస్టారూ."

ఆయన కర్రని అటూ ఇటూ తిప్పి చూశారు. నిటారుగా నిలబడ్డారు. "ఒకటి, రెండు! ఒకటి, రెండు!" అంటూ హాలు ఆ మూల నుంచి ఈ మూలకి కవాతు చేసినట్టు తుడిచారు. చప్పుడుకి వంటింట్లోంచి ఆయన భార్య వచ్చారు. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"పెళ్లయిన ఇన్నేళ్లకి ఈయన ఇల్లు తుడవగా చూస్తున్నాను!" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఇప్పుడే ఇచ్చేయండి. ఇదే ఇచ్చేయండి. కొత్తది తెచ్చేలోపు ఈయన మనసు మారుతుంది."

అమ్మాను!! బకెట్టుతో సహా! మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. నడుము గుర్తే లేదు.

17, సోమవారం. ఉదయం ఆరు. (ఆరున్నర.)
ఈ రోజు నుంచి కొత్త జీవితం!

లక్ష్యాలు:
రోజుకు ఒక్క ఇల్లు.
కర్ర నేను ముట్టుకోను.

ఇది రాస్తుండగానే రెండో అంతస్తు నుంచి ఫోను. గొంతు కొత్తగా ఉంది.

"మాస్టారి భార్య చెప్పారండీ. మీ దగ్గర మగవాళ్ల చేత ఇల్లు తుడిపించే కర్ర ఉందటగా? మాకొకటి కావాలి."

"అలాగేనమ్మా, తప్పకుండా" అన్నాను.

ఫోను పెట్టేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"ఏమండీ, అలాంటిదే మనింటికి కూడా ఒకటి."

ఆర్డరు రాసుకున్నాను.