ఇరవై నిమిషాల పుట్టీ

ఫిబ్రవరి 4

చేతుల్లో బట్టల బుట్ట ఉందని బెడ్‌రూం తలుపును కాలితో తన్నాను. తలుపు పిడి వెళ్లి జిప్సం గోడకు గుద్దుకుంది. కమలాపండంత కన్నం.

మా ఆయన ఆర్వో ఎడంచేత్తో వాకర్ పట్టుకుని వచ్చి చూశాడు. ముప్ఫై నాలుగేళ్లు ఈ డులూత్ ఊళ్లో ఎన్ని ఇళ్ల గోడలకు పుట్టీ పెట్టాడో ఆయనకే లెక్క తెలియదు. సెప్టెంబరులో స్ట్రోక్ వచ్చాక కుడిచెయ్యి ఒళ్లోంచి లేవడం లేదు. పోనీ ఎవరినైనా పిలవనా అన్నాను. నా గోడకి ఇంకోడు పుట్టీ పెడతాడా, నేనేమైనా పోయాననుకున్నావా మార్జీ అని నా మీద లేచాడు. అయితే నువ్వే పెట్టు అన్నాను. టీవీ ముందుకు పోయాడు.

కన్నం గురించి నాకు బెంగ లేదు. ఆ చెయ్యి గురించే. వాడకపోతే అది అలాగే ఉండిపోతుందండీ అని ఫిజియో అమ్మాయి కిర్‌స్టెన్ నాకు విడిగా చెప్పింది. నొక్కమని ఆమె ఇచ్చిన రబ్బరు బంతిని ఈ మహానుభావుడు కుక్కకిచ్చేశాడు.

ఫిబ్రవరి 6

కన్నం మీద క్యాలెండరు తగిలించాను. పీకేశాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

నేనే చేద్దామని గరాజ్‌లోంచి ఇరవై నిమిషాల పుట్టీ సంచి తెచ్చాను, కలిపాక అంతసేపట్లో గట్టిపడేది. చేతులు గడ్డకట్టే చలి కదా, వేణ్నీళ్లతో కలిపాను. ట్రే కూడా ఆయన పాతదే, అంచుల్లో ఎప్పటివో పెచ్చులున్నాయి. కన్నం మీద జాలీ టేపు అతికించి వచ్చేసరికి ట్రేలో పుట్టీ రాయి. ఇరవై కాదు, ఆరు నిమిషాలు!

ఆర్వో కుర్చీలోంచే తిట్లు అందుకున్నాడు. వేణ్నీళ్లెవరు పొయ్యమన్నారు, కాఫీ పెడుతున్నావా? పాత పెచ్చు ఒక్కటున్నా కొత్తది గబుక్కున బిగిసిపోద్దని తెలీదా? ముప్ఫై నాలుగేళ్లు ఎవడితో కాపురం చేశావసలు?

నాకు ఒళ్లు మండింది. ఇంకో ట్రేలో మళ్లీ కలిపాను. అది జారుగా అయింది. ఆ ట్రే తీసుకెళ్లి కిచెన్ సింకులో గుమ్మరించాను. ఆయన వద్దు వద్దని అరిచేసరికే ఆలస్యమైంది.

ఫిబ్రవరి 10, సాయంత్రం 5

ఈ పుట్టీ నీళ్లలో కూడా గట్టిపడుతుందట. ఎండి గట్టిపడే రకం కాదట. ఇన్నేళ్లూ ఆయన ట్రే పెరట్లో బకెట్‌లోనే ఎందుకు కడిగేవాడో ఇప్పుడర్థమైంది.

స్కూలు బస్సు డ్యూటీ దిగి వచ్చి సింకు కింద పడుకుని పైపు వంపు విప్పాను. లోపలినుంచి తెల్లటి కొక్కెం బయటికొచ్చింది, అచ్చు పైపు ఆకారంలో. అది చూసి ఆర్వో కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. సెప్టెంబరు తర్వాత ఇదే మొదటి నవ్వు. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు పైపులు పూడ్చమన్నా పూడుస్తాను.

ఫిబ్రవరి 13

ఈ రోజు తనే పుట్టీ పూసే బ్లేడు తీసుకున్నాడు. నేను పుట్టీ కలిపాను. తొంభై నిమిషాలది కొననా, నిదానంగా చేసుకోవచ్చు అంటే, అది నీలాంటోళ్లకి అన్నాడు. బ్లేడు కుడిచేతిలో పెట్టుకుని, ఎడంచేత్తో ఆ చేతిని మోస్తూ పూశాడు. రెండు పూతలు పెట్టేలోపే పుట్టీ బిగిసిపోయింది. బ్లేడు విసిరేశాడు.

నేను బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

బస్సు నడిపేదాన్ని, మలుపులో బెదిరితే ఎలా? పొద్దున్నే మొన్న బిగిసిన గడ్డలన్నీ గీకేశాను. ట్రే తళతళలాడేలా తోమాను. చన్నీళ్లతో గుప్పెడంటే గుప్పెడే కలిపాను, పాన్‌కేక్ పిండికన్నా కాస్త గట్టిగా. వాకర్ గోడకు ఆనించి, ఆయన నడుం పట్టుకుని నిలబడ్డాను. ఇదేంటి, డాన్సు చేయిస్తున్నావా అన్నాడు. నోర్మూసుకుని పుట్టీ పెట్టు అన్నాను.

పెట్టాడు. కన్నం నిండింది. గట్టిపడుతుంటే పుట్టీ వెచ్చబడుతుంది. అది చూడటానికి కుడి అరచెయ్యి ఎత్తి గోడకు ఆనించాడు. ఎవరూ ఎత్తమనలేదు. తనకు తానే ఎత్తాడు. వెచ్చగా తగుల్తోందే అన్నాడు. నేను చెయ్యినే చూస్తూ నిలబడ్డాను.

ఫిబ్రవరి 23

గోడ నున్నగా ఉంది. వారంగా ఆ చెయ్యి మళ్లీ ఒళ్లోనే ఉంది.

ఫిబ్రవరి 24

సుత్తి తీసుకుని హాలు గోడకు కన్నం పెట్టాను. ఆర్వో దాన్నీ నన్నూ చూశాడు. ఇంత చిన్నదానికి పుట్టీ కలపడం దండగ, ఇంకో రెండు దెబ్బలెయ్యి అన్నాడు.

వేశాను.