దోసెపిండితో చెప్పిన లెక్కలు

సరళా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ఇంట్లో కూర్చోబుద్ధి కాక మదనపల్లెలో మన కాలేజీకి వెళ్లి, నీ బోటనీ పిల్లలకు అవకలన సమీకరణాలు చెప్పాను.

పొద్దున్నే గాజు సీసాల్లో దోసెపిండి పోసి, అది ఎంత పొంగిందో గంటగంటకూ గుర్తు పెట్టించాను. మధ్యాహ్నం జోరుగా పొంగిన పిండి సాయంత్రానికి నెమ్మదించింది. లెక్కలంటే ఏడ్చే పుంగనూరు అమ్మాయి రెడ్డెమ్మ ఆ గ్రాఫు బోర్డు మీద గీసి, కాసేపు చూస్తూ నిలబడింది.

"మేడం, సూక్ష్మజీవులు ఎన్ని ఉండాయో దాన్నిబట్టి పెరగతాండాయి. తిండి తగ్గేకొద్దీ నిదానిస్తాండాయి. సమీకరణమంటే ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

"దీనికా మేము ఇన్నాళ్లూ భయపడింది?" అని నవ్వింది.

ఆ పిండితోనే కిరోసిన్ స్టవ్ మీద దోసెలు పోసుకున్నాం. వాసనకు ప్రిన్సిపాల్ గారు వచ్చారు. రెండు తిని, మూడోది తుంచుకుంటూ, "వచ్చే ఏడు కూడా ఇట్లాగే చెప్పమ్మా. ఎవరిదీ ఆలోచన?" అన్నారు.

నీ పేరు చెప్పాను. ఆయన చేతిలోని ముక్క ప్లేటులో పెట్టేశారు.

"ఇంగొకటి పోస్తాను, తినండి సార్," అంది రెడ్డెమ్మ. "సరళా మేడం ఉండింటే నాలుగు తినుంటారు."

అందరం నవ్వాం.