చార్టులోంచి తీసేసిన జట్టు

డెగ్గెన్‌డార్ఫ్ (జర్మనీ), గురువారం రాత్రి

తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. బాస్కెట్‌బాల్‌లో ఆటగాళ్ల జీతాలకు డబ్బు కుమ్మరించిన జట్టుకే కప్పు వస్తుందని సెమినార్‌లో ధీమాగా చెప్పాను. చార్టులో జట్టుకో చుక్క, చుక్కలన్నీ గీత పక్కనే బుద్ధిగా ఉన్నాయి. ప్రొఫెసర్ కళ్లద్దాలు పైకి తోసుకుని, "తక్కువ జీతాలతో కప్పు కొట్టిన జట్టు ఒకటుండాలే, అదేది?" అన్నాడు.

గీత చెడిపోతోందని నిన్న నేనే ఆ జట్టు చుక్కను తీసేశాను. కానీ నా నోట్లోంచి వచ్చిందేమిటి? "డేటా శ్రావణి చూసింది, ప్రొఫెసర్."

ప్రాజెక్టులో నా జోడీ శ్రావణి పక్కనే నిలబడి ఉంది. నావైపు ఒక్కసారి చూసింది. "మా ఇద్దరి పొరపాటు. సరిచేస్తాం" అంది ఆయనతో.

బస్సులో మాత్రం అడిగింది. "గరీబు టీం గెలిస్తే నీకేం నొచ్చిందిరా?"

కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. సారీ చెప్పకుండానే నా స్టాపులో దిగిపోయాను.

ఇందాక కొత్త చార్టు పంపింది. ఆ చుక్క మళ్లీ తన చోటికి వచ్చింది, గీతకు దూరంగా, ఒంటరిగా. కింద మా ఇద్దరి పేర్లు. నా పేరే ముందు పెట్టింది.