బట్టీ కాడ ఇంగ్లీషామె

తస్నీమ్,

పండగ బిస్కట్ల పిండి ఎత్తుకోని బేకరీకి పోతాండా. ఇఫ్తారుకు శనగలు నానబెట్టినా, ఉడకబెట్టు. నీ పుస్తకాలు అరుగుమీదే పడేసినావు, మేక తింటే నన్ననాకు.

నాలుగొందల ఏండ్ల కింద ఇంగ్లీషు ఆడోళ్లు ఇంట్లో రొట్టె కాల్చే బట్టీ లేక, పిసికిన పిండి వీధి బట్టీకి ఎత్తుకపోతాండ్రంట అని నువ్వు పాఠం గట్టిగా చదివినావు కదా. అప్పట్నుంచి బేకరీ కాడ నిలబడితే ఆయమ్మ గూడా తట్ట చంకన పెట్టుకోని నా పక్కనే ఉన్నట్టుంటాది. బట్టీలో మన బిస్కట్ల రేకు ఇంకోరి రేకుతో మారిపోకుండా నేను బిస్కట్లమీద మీ అబ్బా చొక్కా గుండీ అదిమి గుర్తు పెట్టింటే, వంగి చూస్తాది.

ఈమధ్య నువ్వు మనసులోనే చదువుకుంటాండావు. ఇంట్లో నీ గొంతే లేదు.

అమ్మీ

పండగైనాక నంద్యాల హాస్టలుకు పోతావు. పోయేలోపల మిగతా పాఠం గట్టిగా చదువు. ఆయమ్మను బట్టీ కాడనే నిలబెట్టి పోవాకు.